ఫాస్ఫేటును కొలిచిన తెలుగువాడు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించి సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అయినా హార్వర్డు చేరి, 1925లో ఫిస్కేతో కలసి ఫాస్ఫేటును నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ కొలతే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టిచ్చింది. 1948లో న్యూయార్కులో కన్నుమూశారు.

ఫాస్ఫేటంటే 1 భాస్వరం, 4 ఆక్సిజన్లు కలసిన ఉమ్మడి కుటుంబం. మొత్తానికి 3 రుణావేశాలు. కాల్షియానికి 2 ధనావేశాలు. కాబట్టి 3 కాల్షియాలకు 2 ఫాస్ఫేట్లయితేనే లెక్క సరి. కుటుంబాన్ని బ్రాకెట్లో ఉంచి 2ను బయట వేయాలి. బ్రాకెట్టు మరిస్తే 4 పక్కన 2 చేరి, 8 ఆక్సిజన్లు కాస్తా 42 అవుతాయి!

మన ఎముకల్లోనూ, నల్లమాడ వేరుశనగ చేలకు వేసే సూపర్ ఫాస్ఫేటులోనూ ఉన్నది ఆ కుటుంబమే. మిత్రులారా, ఫార్ములా రాసేటప్పుడు బ్రాకెట్టునూ, ఆ మహనీయుణ్ణీ మరవకండి.