మనసును చూసుకోమన్న మదనపల్లె మనిషి



మొహం చూసుకోవడానికి మన హాస్టల్లో ఒక్క అద్దం దగ్గర పదిమందిమి తోసుకుంటాం. మనసు చూసుకోవడానికి లైన్ కట్టే పనిలేదు. అదెట్లాగో చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. తండ్రి నారాయణయ్య, తల్లి సంజీవమ్మ. వాళ్లకు ఎనిమిదో సంతానం. 1905లో, పదేళ్లప్పుడే అమ్మ చనిపోయింది. బడిలో మొద్దబ్బాయి అని దెబ్బలు తిన్నారు. తమ్ముడు నిత్యానంద అంటే ప్రాణం.

1909లో ఆ కుటుంబం మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరింది. ఈ పిల్లవాడు జగద్గురువు అవుతాడని అక్కడి పెద్దలు నమ్మారు. అనిబిసెంట్ గారు చేరదీశారు. 1911లో ఆయన్ను అధిపతిగా పెట్టి ఒక సంఘం నడిపారు. కానీ 1925 నవంబరులో నిత్యానంద క్షయతో అమెరికాలో చనిపోయాడు. ఓడలో ఉండగా ఆ కబురు తెలిసి కృష్ణమూర్తి గారు కుమిలి కుమిలి ఏడ్చారు. తమ్ముడు బతుకుతాడని పెద్దలిచ్చిన భరోసా ఉత్తదైపోయింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలమంది ముందు, ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశారు.

తర్వాత దేశదేశాలు తిరిగి చెప్పింది ఇదే. కోపమో దుఃఖమో వస్తే అణచవద్దు, పారిపోవద్దు. మంచిది, చెడ్డది అని తీర్పు చెప్పవద్దు. పేరు పెట్టడానికి తొందరపడవద్దు, ఎందుకంటే పేరు పెట్టగానే పాత జ్ఞాపకాలు వచ్చి మీద పడతాయి. వాగులో నీళ్లను చూసినట్టు ఊరికే చూడు. వచ్చిన ఆలోచనలను కాగితం మీద రాసుకొమ్మని కూడా చెప్పారు.

నేను చేసి చూసిన. ఆదివారం అందరి అమ్మానాయనలు వస్తరు. కూలి పోతదని మావాళ్లు రారు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటది. చూసేవాళ్లు కోపం అనుకుంటరు. కదలకుండా గమనిస్తే కోపం అడుగున అమ్మ మీద బెంగ కనిపించింది. బెంగ పోలేదు గానీ, పక్కవాడి టిఫిన్ డబ్బా మీద ఉడుకు తగ్గింది.

మదనపల్లె దగ్గర ఆయన ఆలోచనతో వెలిసిన రిషివ్యాలీ బడిలోనూ మనలాగే పిల్లలు ఉండి చదువుకుంటారు. 1986 ఫిబ్రవరి 17న, 90 ఏళ్ల వయసులో, అమెరికాలోని ఓహైలో ఆయన కన్నుమూశారు.

తనను గురువుగా పట్టుకోవద్దని ఆయన చివరిదాకా చెప్పారు. కనుక మిత్రులారా, గోడ మీద రాసి ఉందని నమ్మకండి. రాత్రి లైట్లు ఆర్పినాక ఐదు నిమిషాలు మీరే చూసుకోండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
కందుకూరు