పాట వెనక సాలూరివారు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని మన కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను ఒక సంగీత దర్శకుణ్ణి ఎంచుకున్నాను. ఆయన సాలూరి రాజేశ్వరరావుగారు.

మా మడికొండ కవుల ఊరు. పోతన చరిత్రము రాసిన వానమామలై వరదాచార్యులవారు పుట్టింది ఇక్కడే. పద్యం వినగానే ఇది ఎవరిదని అడిగే పెద్దలు ఊళ్లో ఉండేవారు. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఘంటసాల పాట, ఇది లీల పాట అనేవారే. రేడియోలో సంగీతం ఫలానావారిదని చెప్పేవారు. పేరు చెవిన పడేది గాని ఆ పేరు వెనక మనిషి ఎవరో తెలిసేది కాదు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇదేమీ కొత్త కాదు లెండి. నోట్ రాసేది గుమాస్తా, పేరు సంతకం పెట్టినవారిది!

1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలయ్యాక ఈ లోటు చాలావరకు తీరింది. పిల్లలు పాడగానే బాలసుబ్రహ్మణ్యంగారు తప్పులు దిద్ది, ఆ పాట రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, దాని గొప్ప ఎక్కడుందో విడమరచి చెప్పేవారు. పాట కంటే ఆ మాటల కోసమే మా ఆవిడ వంట తొందరగా ముగించుకొని వచ్చి కూర్చునేది. బాలుగారు చిట్టి చెల్లెలు సినిమాలో రాజేశ్వరరావుగారి బాణీకి స్వయంగా పాడినవారు. అందుకే ఆ మాటలకు బరువుండేది.

రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. చిన్నతనంలోనే గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. 1935లో శ్రీకృష్ణ లీలలు చిత్రంలో బాలకృష్ణుడిగా నటించి పాడారు. తరువాత కలకత్తా వెళ్లారు. అక్కడ సైగల్, పంకజ్ మల్లిక్ వంటివారి పరిచయం కలిగింది. ఆయన చెవిని మార్చింది కలకత్తాయేనని నా అభిప్రాయం.

అంతవరకు మన టాకీల్లో నాటకాల పద్యాల ధోరణే ఎక్కువ. గమకాలు, సంగతులు సాగదీసి పాడితేనే పాట. ఆయన రాగాన్ని విడవకుండానే సాగదీతను తగ్గించారు. మాటలోని భావాన్ని ముందుకు తెచ్చారు. పాశ్చాత్య వాద్యాలను మన రాగాల పక్కన కూర్చోబెట్టారు. తానే బాణీ కట్టి పాడిన లలితగీతాలు, బాలసరస్వతీదేవితో పాడిన యుగళగీతాలు తెలుగువారికి ఒక కొత్త రుచి చూపించాయి. 1948లో వాసన్‌గారి చంద్రలేఖకు సంగీతం ఇచ్చారు. అందులోని ఢంకాల నృత్యం దేశమంతా చెప్పుకున్నారు. 1951లో బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరి వచ్చింది. కృష్ణశాస్త్రిగారి మాట, భానుమతి, ఘంటసాలల గొంతు, ఈయన బాణీ. కథ రాయలవారి నాటిది, సంగీతం మాత్రం అప్పటికి సరికొత్తది. విప్రనారాయణ, మిస్సమ్మ, పూజాఫలం, బొబ్బిలి యుద్ధం ఆ తరువాతివి. పూజాఫలంలో జానకిగారు పాడిన హిందోళం వినని ఇల్లు మన తరంలో లేదేమో.

ఇక మాయాబజార్ సంగతి. 1957 నాటి ఆ చిత్రానికి మొదట సంగీతం ఒప్పుకున్నది రాజేశ్వరరావుగారే. నాలుగు పాటలకు బాణీలు కట్టాక తప్పుకున్నారు. వెన్నెల్లో పడవ మీద సాగే పాట వాటిలో ఒకటి. మిగిలిన పాటలకు బాణీలు కట్టి, ఆ నాలుగింటికీ వాద్యగోష్ఠి సమకూర్చి రికార్డు చేసినవారు ఘంటసాలగారు. తెర మీద ఆయన ఒక్కరి పేరే ఉంటుంది. ఘంటసాలగారి పని తక్కువేమీ కాదు. ఆ పడవను నడిపింది ఆయనే. కాని దాన్ని చెక్కిన చేతి పేరు తెర మీద లేకపోవడం నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. సినిమా పత్రికలు చదివేవారికి తెలిసిన ఈ సంగతి, పత్రిక పట్టని మా ఇళ్లకు చేరింది మాత్రం బుల్లితెర వచ్చాకే.

1986లో తాండ్ర పాపారాయుడికి కూడా ఆయనే సంగీతం చేశారు. కుమారులు వాసూరావు, కోటి అదే వృత్తిలోకి వచ్చారు. 1999 అక్టోబరులో రాజేశ్వరరావుగారు, 2020 సెప్టెంబరులో బాలుగారు కాలం చేశారు.

మాయాబజార్ టీవీలో వేసినప్పుడల్లా మా ఇంట్లో మనవలు పడవ పాట దగ్గర నా వైపు చూస్తారు. నేను నోరు విప్పకముందే చిన్నవాడు సాలూరివారి పేరు చెప్పేస్తాడు.