మందలను కాచిన శాస్త్రజ్ఞుడు – లూయీ పాశ్చర్

పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు కాపరులను గడగడ వణికించిన రోగం ఒకటుండేది. సాయంకాలం కడుపునిండా మేసి దొడ్డికి చేరిన జీవం తెల్లవారేసరికి కాళ్ళు చాచి పడి ఉండేది. కొన్ని జీవాలు మందలో వెనుకబడి, తలవాల్చి, వణుకుతూ, రొప్పుతూ కొద్ది గంటలలోనే కూలిపోయేవి. ముక్కు నుండీ, మలద్వారం నుండీ నల్లని నెత్తురు కారేది. ఆ నెత్తురు గడ్డకట్టేది కాదు. కళేబరాన్ని కోసి చూస్తే ప్లీహం ఉబ్బి ఉండేది. తెలుగునాట దొమ్మరోగమని పిలిచే ఆంత్రాక్స్ ఇదే. గొర్రెలనూ మేకలనూ పశువులనూ మాత్రమే కాదు, వాటి తోలు ఒలిచినవారినీ, ఉన్ని ఏరినవారినీ కూడా ఇది విడిచిపెట్టేది కాదు. బోస్ మైదానంలోని కొన్ని బీళ్ళకు శాపభూములన్న పేరు స్థిరపడింది. అక్కడ మేసిన మంద మందలోనే చావు మోగేది.

ఈ చిక్కుముడిని విప్పిన లూయీ పాశ్చర్ పశువైద్యుడు కాడు, అసలు వైద్యుడే కాడు. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు. 1822 డిసెంబరు 27న డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్ళు పదునుచేసే వృత్తితో కుటుంబాన్ని పోషించాడు. ఆర్బ్వా అనే చిన్న ఊరిలో పెరిగిన లూయీకి బాల్యంలో చదువుకంటే బొమ్మలు గీయడంపైనే మక్కువ ఎక్కువ. తరువాత పారిస్‌లో విద్యనభ్యసించి, 1848లో స్ఫటికాలపై చేసిన పరిశోధనతో పండితుల దృష్టిలో పడ్డాడు. ద్రాక్షసారాయి పులియడానికీ, పాలు విరగడానికీ సూక్ష్మజీవులే కారణమని నిరూపించాడు. 1865 నుండి కొన్నేళ్ళపాటు పట్టుపురుగుల తెగుళ్ళపై శ్రమించాడు. ఆ కాలంలోనే దుఃఖం ఆయన ఇంట తిష్ఠవేసింది. ముగ్గురు కుమార్తెలు చిన్నతనంలోనే కన్నుమూశారు. వారిలో ఇద్దరిని బలిగొన్నది టైఫాయిడ్. 1868లో పక్షవాతం వచ్చి శరీరపు ఎడమభాగం చచ్చుబడింది. అప్పటికి ఆయన వయస్సు నలభై ఆరేళ్ళయినా నిండలేదు. ఆయనకు గొప్ప పేరు తెచ్చిన కృషిలో అధికభాగం ఆ తరువాత జరిగినదే.

ఆంత్రాక్స్‌కు కడ్డీ ఆకారంలోని ఒక సూక్ష్మజీవి కారణమనీ, అది సిద్ధబీజాలుగా మారి చిరకాలం బతకగలదనీ 1876లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ వెల్లడించాడు. మరుసటి ఏడు పాశ్చర్ ఆ పరిశోధనలో ప్రవేశించాడు. భూమిలో పూడ్చిన రోగం పైన మేసే గొర్రెకు ఎలా చేరుతున్నదన్నది ఆయనను వేధించిన ప్రశ్న. షార్త్ర్ పట్టణ సమీపంలో ఒక పొలాన్ని పరిశీలిస్తూ ఉండగా, ఒకచోట మట్టి రంగు వేరుగా ఉండటం ఆయన గమనించాడు. అంతకుముందటి సంవత్సరం దొమ్మతో చచ్చిన గొర్రెలను అక్కడే పూడ్చినట్లు రైతు తెలిపాడు. వంగి చూస్తే నేలపై వానపాములు విడిచిన మట్టి కుప్పలు కుప్పలుగా కనిపించింది. లోతున ఉన్న సిద్ధబీజాలను వానపాములు మట్టితోపాటు పైకి మోసుకొస్తున్నాయని పాశ్చర్ ఊహించి, ప్రయోగాలతో ఆ ఊహను పరీక్షించాడు. ముళ్ళున్న మొక్కలను కలిపి మేపినప్పుడు నోటిలో పడిన గీతల గుండా రోగం మరింత సులభంగా సోకుతున్నదని కూడా గ్రహించాడు. చచ్చిన జీవాలను మేతభూముల్లో పూడ్చవద్దని ఆయన రైతులకు బోధించాడు. దొమ్మ సోకిందన్న అనుమానమున్న కళేబరాన్ని కోయరాదనీ, తోలు ఒలవరాదనీ, దహనం చేయాలి లేదా సున్నంతో లోతుగా పూడ్చాలనీ నేటి పశువైద్యులు చెప్పేది కూడా ఈ కారణం చేతనే. కోసిన శరీరానికి గాలి తగిలితే సిద్ధబీజాలు పుట్టుకొస్తాయి.

అయితే జాగ్రత్తలు రోగాన్ని తగ్గించగలవే గాని మందకు రక్షణకవచం కాలేవు. కోళ్ళ కలరాపై పనిచేస్తున్నప్పుడు, పాతబడిన సూక్ష్మజీవుల వర్ధనం ఎక్కించిన కోళ్ళు చావకపోగా, ఆపై తీవ్రమైన రోగాన్ని కూడా తట్టుకోవడం పాశ్చర్ కంటబడింది. సూక్ష్మజీవి బలాన్ని తగ్గించి దానినే మందుగా మార్చవచ్చునన్న ఆలోచన అప్పుడు రూపుదిద్దుకొన్నది. ఆంత్రాక్స్ క్రిమిని 42, 43 డిగ్రీల వేడిలో పెంచితే సిద్ధబీజాలు ఏర్పడకపోవడమేగాక రోజులు గడిచేకొద్దీ దాని తీవ్రత తగ్గుతూ వచ్చింది.

ఈ మాటలను నమ్మని పశువైద్యులు అనేకులు. వారిలో ఒకడైన రోసిన్యోల్ బహిరంగ పరీక్షకు ఏర్పాటు చేశాడు. మెలన్ పట్టణ వ్యవసాయ సంఘం జీవాలను సమకూర్చింది. పుయ్యీ-ల-ఫోర్ గ్రామంలోని పొలమే వేదిక. 1881 మే 5న 24 గొర్రెలకు, ఒక మేకకు, 6 పశువులకు తొలి టీకా వేశారు. మే 17న మలి టీకా. అదే సంఖ్యలో గొర్రెలనూ, మరొక మేకనూ, 4 పశువులనూ టీకా లేకుండా ఉంచారు. మే 31న అన్నింటికీ తీవ్రమైన రోగక్రిమిని ఎక్కించారు. సందేహించినవారు సీసాను గట్టిగా కుదపమన్నారు, మోతాదు పెంచమన్నారు, టీకా పొందినదానికీ పొందనిదానికీ ఒకదాని తరువాత ఒకటిగా వేయమన్నారు. పాశ్చర్ అన్నింటికీ అంగీకరించాడు.

జూన్ 1న టీకా పొందిన కొన్ని గొర్రెలకు జ్వరం వచ్చిందన్న కబురు చేరింది. అంతటి ధీరుడూ ఆ రాత్రి కలవరపడి, తన సహచరుడైన రూపై విసుగు చూపాడు. జీవితకాలపు కీర్తి ఒక మంద ఊపిరిపై వేలాడుతున్న రాత్రి అది! మరునాటి ఉదయం రోసిన్యోల్ పంపిన తంతి వార్త విజయాన్ని తెలిపింది. మధ్యాహ్నం రెండు గంటలకు పాశ్చర్ పొలానికి చేరేసరికి టీకా లేని 21 గొర్రెలూ మేకా చచ్చిపడి ఉన్నాయి. మరి రెండు అందరి కళ్ళముందే కూలాయి. మిగిలిన ఒకటి పొద్దుగూకేలోగా చనిపోయింది. టీకా పొందినవి నిలిచి మేస్తున్నాయి. ఆ తరువాత వాటిలో ఒక సూడి గొర్రె మాత్రం మరణించింది.

ఈ విజయగాథకు మరొక పార్శ్వమున్నది. ఆనాడు వాడిన టీకా పాశ్చర్ ప్రకటించిన పద్ధతిలో కాక, సహచరుడు షాంబర్లాన్ పొటాషియం డైక్రోమేట్ అనే రసాయనంతో తయారుచేసినది. పాశ్చర్ ఆ సంగతిని లోకానికి చెప్పలేదు. ఆయన ప్రయోగశాల పుస్తకాలను పరిశీలించి చరిత్రకారుడు జెరాల్డ్ గీసన్ 1995లో దీనిని సవిస్తరంగా వివరించాడు. 1880లోనే ఇటువంటి రసాయన మార్గాన్ని అనుసరించిన తులూజ్ పశువైద్య కళాశాల ఆచార్యుడు తూసాన్‌కు దక్కవలసిన పేరు దక్కలేదు. మహనీయుల జీవితాలను చదివేటప్పుడు ఇటువంటి పుటలను దాటవేయడం న్యాయం కాదు.

టీకా మాత్రం మందలను నిలబెట్టింది. 1894 నాటికి ఫ్రాన్సులో 30 లక్షలకు పైగా గొర్రెలు దానిని పొందాయి. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ అంతకంటె సురక్షితమైన టీకాను రూపొందించాడు. నేడు మన దేశంలో గొర్రెలకూ మేకలకూ వేసేది ఆ తరగతి టీకాయే.

1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి పాశ్చర్ టీకా ఇప్పించాడు. బాలుడు బతికాడు. ప్రజల చందాలతో 1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ వెలసింది. 1907లో నీలగిరులలోని కూనూరులో ఆయన పేరిట ఏర్పడిన సంస్థ, ఆనాటి మద్రాసు రాజధానిలో భాగమైన ఆంధ్ర జిల్లాల వారికి కూడా కుక్కకాటు చికిత్సకు ఆధారమైంది.

1895 సెప్టెంబరు 28న పాశ్చర్ మరణించాడు. మరుసటి సంవత్సరం ఆయన భౌతికకాయాన్ని పారిస్ సంస్థ భవనం అడుగున నిర్మించిన సమాధి మందిరానికి చేర్చారు. దాని గోడలపై రంగురాళ్ళతో ద్రాక్షతీగలు, మల్బరీ ఆకులు, కోళ్ళు, కుక్కలు, మేస్తున్న గొర్రెల మందలు చిత్రించి ఉన్నాయి.