కరుణా సోదరీమణుల తల్లి కేథరిన్ మెకాలీ

కేథరిన్ మెకాలీ గారు 1778లో ఐర్లండు దేశమందలి డబ్లిన్‌లో జన్మించారు. బాల్యంలో తండ్రిని, యౌవనంలో తల్లిని పోగొట్టుకొన్నారు. సంతానం లేని కాలహన్ దంపతులు ఆమెను తమ యింట ఆదరించారు. 1822లో మరణించిన కాలహన్ గారు తమ ఆస్తిలో అధికభాగాన్ని ఆమెకే వ్రాసియిచ్చారు.

ఆ ధనంతో ఆమె సుఖంగా బ్రతుకవచ్చును. అయితే, సంపన్నులు నివసించే బాగట్ వీధిలోనే ఒక పెద్ద యిల్లు కట్టించి, 1827 సెప్టెంబరు 24న పేదపిల్లలకు బడిగాను, నిలువ నీడలేని యువతులకు ఆశ్రయంగాను దానిని తెరిచారు.

మఠం స్థాపించాలనే తలంపు ఆమెకు మొదట లేదు. మఠకన్యలు కాని స్త్రీలు ఇట్లు కలిసి జీవించుట కొందరికి నచ్చలేదు, విమర్శలు బయలుదేరాయి. చేపట్టిన పని నిలవాలని, యాభై యేండ్లు దాటిన వయస్సులో ఆమె మరొక మఠంలో శిక్షణకు చేరి, క్రొత్తగా విధేయత నేర్చుకొన్నారు. 1831 డిసెంబరు 12న మరి ఇద్దరితో కలిసి ప్రమాణం చేశారు. అదే కరుణా సోదరీమణుల సభకు ఆరంభం.

మరుసటి సంవత్సరమే డబ్లిన్‌లో కలరా చెలరేగగా, ఈ సోదరీమణులు రోగులకు పరిచర్య చేశారు. పేదల యిండ్లకు కాలినడకన వెళ్లుచుండుట చూచి, ప్రజలు వారికి నడిచే కన్యస్త్రీలని పేరు పెట్టారు.

1841 నవంబరు 11న క్షయవ్యాధితో ఆమె కన్నుమూశారు. మరణశయ్యపై నుండియే, అలసిన తన సోదరీమణులకు మంచి టీ యివ్వమని చెప్పారట. అప్పటికి ఐర్లండు, ఇంగ్లండులలో పదికి పైగా మఠాలు వెలిశాయి. 1843లో అమెరికాకు, తదుపరి ఇతర ఖండాలకు ఆ సేవ వ్యాపించింది.

తనకు దొరికిన ఆస్తిని, తన యిష్టాన్ని కూడ పేదల కొరకు విడిచిన ఈ తల్లి జీవితం మనకును మాదిరి యగును గాక.