స్త్రీ రాస్తే తప్పా అని అడిగిన నాగరత్నమ్మ

తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకు వెళ్లొచ్చేవారికి బెంగళూరు నాగరత్నమ్మ పేరు కొత్త కాదు. స్వామి సమాధికి గుడి కట్టించిన తల్లిగా ఆమెను తలుచుకుంటాం. అంతకు పదేళ్ల ముందే ఒక తెలుగు కావ్యం కోసం ఆమె ఎంత పెద్ద తగవుకు దిగారో మాత్రం చాలామందికి తెలియదు. ఆ కావ్యం పుట్టింది తంజావూరులో. దాన్ని వెతికి అచ్చు వేయించినావిడ పుట్టింది కన్నడ నేల మీద. రాష్ట్రం బయట తెలుగు బడులు నడుపుకుంటున్న మనకు అది ఇంటి సంగతే.

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. ఆదరించినవారు వదిలేశాక, కూతుర్ని విద్యతోనే నిలబెట్టాలని ఆ తల్లి పంతం పట్టింది. సంస్కృతం, కన్నడం, తెలుగు, ఇంగ్లిష్, వాటితో పాటు సంగీతం, నాట్యం నేర్పించింది. కూతురి పేరు పైకి వచ్చేదాకా ఆమె బతకలేదు. తర్వాత నాగరత్నమ్మ మద్రాసు చేరి, కచేరీలతో, హరికథలతో బాగా సంపాదించారు. ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణుల్లో ఆమె ఒకరని చెబుతారు.

తంజావూరు ఆస్థాన సాహిత్యం గురించి చదువుతుండగా ఆమెకు ముద్దుపళని పేరు తగిలింది. 18వ శతాబ్దంలో తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలోని కవయిత్రి ఆమె. రాసిన కావ్యం రాధికాసాంత్వనం. నాగరత్నమ్మ ప్రతి కోసం వెతికితే మొదట దొరికింది పైడిపాటి వెంకటనరసు 1887లో వేసిన అచ్చు. అందులో అవతారిక లేదు, కొన్ని శృంగార పద్యాలూ లేవు. తర్వాత వ్రాతప్రతి చేతికి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఏం పోయిందో తెలియలేదు.

పోయిన అవతారిక చిన్న విషయం కాదు. ముద్దుపళని తన వంశం చెప్పుకున్నది అక్కడే. ప్రబంధ కవులు తండ్రి, తాతల పేర్లు వరుసగా చెప్పుకుంటే, ఈమె తన ఇంటి పెద్దామె తంజనాయకిని గొప్పగా చెప్పుకుంది. తన అందం, చదువు, తనకు జరిగిన గౌరవాలు జంకు లేకుండా రాసుకుంది. అది తీసేశాక మిగిలింది ఊరూ పేరూ లేని శృంగార కావ్యం. దాన్ని తిట్టిపోయడం తేలిక.

తిట్టినవారు మామూలు మనిషి కాదు, కందుకూరి వీరేశలింగం పంతులు. ఆడపిల్లలకు బడి పెట్టినవారు, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించినవారు. ఆ మేలు మరవలేం. కానీ ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళని దగ్గరికి వచ్చేసరికి ఆయన కావ్యాన్ని వదిలి ఆమె కులం మీదికి, నడత మీదికి పోయారు. స్త్రీ నోట రాకూడని మాటలు, స్త్రీ చెవిన పడకూడని మాటలు ఆమె రాసిందన్నది ఆయన అభ్యంతరం.

ఇంతకీ కావ్యంలో ఏముంది? రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. కొత్త జంటకు బుద్ధులు తానే చెప్పి పంపుతుంది. ఆ తర్వాత అసూయతో రగిలిపోతుంది. కృష్ణుడే దిగివచ్చి ఆమెను బతిమాలుకోవాలి. మన ప్రబంధాల్లో నాయకుడు తన ఇష్టం చొప్పున తిరుగుతాడు, నాయిక విరహంతో చిక్కిపోయి ఎదురుచూస్తుంది. అది శృంగారమని మనకు అలవాటైపోయింది. పట్టు ఆడమనిషి చేతిలో ఉన్న కథ స్త్రీ కలం నుంచి వచ్చేసరికి బూతు అయింది. పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుడి తల తన్నింది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అది రాసింది నంది తిమ్మన, అందుకే అది రసవత్తర ఘట్టంగా నిలిచింది.

1910లో వావిళ్లవారి ప్రచురణగా నాగరత్నమ్మ పూర్తి ప్రతిని అచ్చు వేయించారు. పీఠికలో పంతులుగారికి ఆమె ఇచ్చిన జవాబు సూటిగా ఉంటుంది. సిగ్గు అనేది ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లకు అక్కర్లేదా అని నిలదీశారు. పంతులుగారు స్వయంగా పరిశీలించి అచ్చుకు ఒప్పుకున్న వైజయంతీవిలాసంలో ఇంతకన్నా ఎక్కువ శృంగారం లేదా అనీ అడిగారు. సారంగు తమ్మయ్య రాసిన ఆ కావ్యం దేవదేవి అనే వేశ్య వలలో పడ్డ విప్రనారాయణుడి కథ. వేశ్య గురించి మగవాడు రాస్తే చెల్లింది, ఆ కులంలో పుట్టిన స్త్రీ రాధ గురించి రాస్తే చెల్లలేదు. తెలుగు విమర్శలో ఇంత బిగువైన వాదన ఆ రోజుల్లో అరుదని మా అభిప్రాయం.

1911లో పోలీసులు ప్రతులు పట్టుకున్నారు, ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. న్యాయంగా చెప్పాలంటే, మగకవుల ప్రబంధాలు మరికొన్ని కూడా ఆ వేటు తిన్నాయి. పండితులు పెట్టుకున్న అర్జీలు పనిచేయలేదు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ నిషేధం తొలగలేదు.

ఈ మధ్యకాలంలో నాగరత్నమ్మ మనసు త్యాగరాజు మీదికి మళ్లింది. సమాధి పాడుబడిపోతోందని గురువు బిడారం కృష్ణప్ప 1921లో రాసిన ఉత్తరంతో ఆ పని మొదలైంది. సొంత డబ్బుతో స్థలం కొని గుడి కట్టించారు. అక్కడా అదే అడ్డు. ఆరాధన జరిపే విద్వాంసులు రెండు వర్గాలుగా కొట్లాడుకుంటున్నా, ఆడవాళ్లను పాడనివ్వకూడదనే విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ఆమె ఆడవాళ్లను కూడగట్టి గుడి వెనక వేరే ఆరాధన నడిపారు. 1940 ప్రాంతంలో అందరూ ఒకటయ్యాకే స్త్రీలకు ఆ వేదిక దొరికింది. దేవదాసీ విధానం రద్దు మీద ముత్తులక్ష్మీ రెడ్డితో ఆమె విభేదించారు. అందులో మేం ముత్తులక్ష్మి పక్షమే. అయితే తమ గురించి తమను అడగకుండా తీర్మానిస్తున్నారన్న నాగరత్నమ్మ కోపం అర్థం కానిది కాదు.

మన పిల్లలకు మొల్ల పేరు తెలుసు. పై తరగతుల్లో మొల్ల తర్వాత తంజావూరు కవయిత్రుల పాఠం చెప్పాలనుకునే ఉపాధ్యాయులకు రాధికాసాంత్వనం అవతారిక ఉంది. శృంగార పద్యాల దాకా పోనక్కర్లేదు. ఆడపిల్ల తన ఇంటి ఆడవాళ్ల పేర్లతో పరిచయం చేసుకునే పద్ధతి అందులో చూపించవచ్చు.

1952లో వావిళ్లవారు పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేశారు. ఆ ఏడాది మే 19న నాగరత్నమ్మ కన్నుమూశారు. ఆస్తిని త్యాగరాజస్వామి గుడికే రాసిచ్చారు. అక్కడ స్త్రీలు, దేవదాసీలతో సహా, పాడుకునే హక్కుకు భంగం రాకూడదన్న షరతు ఆ వీలునామాలో ఉంది.