చదువు మధ్యలో తిరిగొచ్చిన అమ్మాయి



వేసవి సెలవుల చివరి రోజులంటే మనందరికీ గుర్తొచ్చేది ట్రంకు పెట్టె. జూన్ నెల రాగానే అమ్మ ఆ పెట్టెను తుడిచి, రెండు జతల బట్టలు, దుప్పటి, ప్లేటు, గ్లాసు, ఒక పచ్చడి సీసా సర్ది ఇచ్చేది. దాన్ని బస్సు టాపు మీదకు ఎక్కించి హాస్టల్‌కు వచ్చేవాళ్ళం. ఈ సంచికలో నేను రాయదలచుకున్నది కూడా ఒక వేసవి చివరి రోజుల గురించే. కాకపోతే అది 1898 నాటి వేసవి. పెట్టె సర్దుకున్నది ఇంగ్లండులో, సర్దుకున్న అమ్మాయిది మన హైదరాబాదు. అప్పటికి ఆమె వయసు పంతొమ్మిదేళ్ళు. తర్వాతి రోజుల్లో దేశమంతా ఆమెను భారత కోకిల సరోజినీ నాయుడు అని పిలుచుకుంది.

నేను రోజూ లింగంపల్లి నుంచి గచ్చిబౌలి మీదుగా మాదాపూర్‌లోని ఆఫీసుకు వెళతాను. దారిలో పాత ముంబై రోడ్డు పక్కన హైదరాబాదు విశ్వవిద్యాలయం గేటు కనిపిస్తుంది. అందులో నాటకం, నృత్యం, చిత్రకళ, జర్నలిజం నేర్పే విభాగానికి సరోజినీ నాయుడు పేరు పెట్టారు. అంత పెద్ద చదువుల చోట పేరు పెట్టారంటే ఆమె ఎన్ని పట్టాలు పుచ్చుకున్నారో అని చాలాకాలం అనుకునేవాడిని. ఆమె జీవితం చదివాక తెలిసింది, ఆమె మూడేళ్ళు విదేశంలో చదివి ఒక్క డిగ్రీ కూడా లేకుండా ఇంటికి వచ్చారని. ఆ సంగతి మన హాస్టల్ పిల్లలకు చెప్పాలనిపించింది. ఎందుకో చివర్లో చెబుతాను.

బాల్యం

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, తల్లి వరద సుందరీ దేవి. వారిది బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. అఘోరనాథ్ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సులో డాక్టరేట్ పొంది వచ్చి, నిజాం ప్రభువు కొలువులో చేరి, తర్వాత నిజాం కాలేజీగా మారిన విద్యాసంస్థకు పునాది వేశారు. ఎనిమిదిమంది పిల్లల్లో సరోజిని పెద్దది.

పన్నెండో ఏట ఆమె మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్ష మొదటి స్థానంలో పాసయ్యారు. ఆ వయసులో మనం ఏడో తరగతి చదువుతుంటాం. పదమూడో ఏట ఆరు రోజుల్లో పదమూడు వందల పంక్తుల ఇంగ్లీషు కావ్యం రాశారు. తండ్రికి ఆమెను గణితంలోనో సైన్సులోనో గొప్పదాన్ని చేయాలని కోరిక. ఆమె మనసు మాత్రం కవిత్వం మీదకు పోయింది. ఇంతలో ఆరోగ్యం దెబ్బతిని పద్నాలుగో ఏట బడి చదువు ఆగిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు ఇంట్లోనే ఉండి దొరికిన పుస్తకమల్లా చదివారు. ఆమె చదివిన చదువులో ఎక్కువ భాగం ఆ రెండేళ్ళలో చదివిందే.

నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్

ఆ రోజుల్లోనే ఆమెకు డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడుతో పరిచయమైంది. ఆయన తెలుగువారు, బ్రాహ్మణేతరులు, ఆమెకంటే చాలా పెద్దవారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి నిజాం వైద్యశాఖలో పనిచేస్తున్నారు. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. ఇంట్లో ఒప్పుకోలేదు. వయసు చిన్నది, కులం వేరు, రాష్ట్రం వేరు, భాష వేరు.

సరిగ్గా ఆ సమయంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆమె ప్రతిభను మెచ్చి ఇంగ్లండులో చదువుకు ప్రత్యేక స్కాలర్‌షిప్ మంజూరు చేశారు. దారి ఖర్చులు కాక ఏడాదికి 300 పౌండ్లు. 1895లో పదహారేళ్ళ సరోజిని ఓడ ఎక్కారు. ఇంటివాళ్ళకు దీంతో రెండు పనులు అయ్యాయి. అమ్మాయికి చదువు వస్తుంది, ఆ డాక్టరుకు దూరంగానూ ఉంటుంది.

ఇంగ్లండులో

ఆమె మొదట లండన్‌లోని కింగ్స్ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జి పక్కనున్న గిర్టన్ కాలేజీలో చదివారు. గిర్టన్ ఆడపిల్లల కోసం 1869లో పెట్టిన కాలేజీ. అక్కడి అమ్మాయిలు మగవాళ్ళు రాసే పరీక్షలే రాసేవారు. పాసైనా విశ్వవిద్యాలయం డిగ్రీ మాత్రం ఇచ్చేది కాదు. ఆమె ఇంగ్లండులో ఉన్న రోజుల్లోనే, 1897 మే నెలలో, అమ్మాయిలకు డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని కేంబ్రిడ్జిలో ఓటింగు జరిగింది. వద్దన్నవాళ్ళే గెలిచారు. సైకిలెక్కిన అమ్మాయి దిష్టిబొమ్మను వీధిలో వేలాడదీసి మగ విద్యార్థులు సంబరాలు చేసుకున్నారు. కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. అంటే సరోజిని అక్కడ అన్ని పరీక్షలూ పాసై వచ్చినా చేతికి పట్టా వచ్చేది కాదు. గడప దగ్గర నిలబెట్టి లోపలికి రానివ్వకపోవడం ఏమిటో మన తాతలకు తెలుసు. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు జరిగింది కూడా అలాంటిదే.

కాలేజీ పాఠాలకంటే ఆమెకు ఎక్కువ నేర్పింది ఒక ముసలి విమర్శకుడి మాట అనుకుంటారు చాలామంది. నిజానికి ఎడ్మండ్ గాస్ అప్పటికి ముసలివాడేమీ కాదు, నలభై దాటినవాడు. లండన్‌లో పేరున్న సాహిత్య విమర్శకుడు. సరోజిని తన పద్యాల కట్ట తీసుకెళ్ళి ఆయనకు చూపించారు. అవి చక్కని ఇంగ్లీషులోనే ఉన్నాయి. అయితే వాటిలో ఉన్నవి ఇంగ్లండు పిట్టలు, ఇంగ్లండు పూలు, ఇంగ్లండు పల్లెటూరి చర్చి గంటలు. ఇవన్నీ పక్కన పడేసి మీ దేశపు కొండల గురించి, తోటల గురించి, గుళ్ళ గురించి, మీ మనుషుల గురించి రాయమని ఆయన సలహా ఇచ్చారు. చిన్న వయసులో అలాంటి మాట వింటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. ఆమె మాత్రం ఆ మాట పట్టుకున్నారు. ఆర్థర్ సైమన్స్ అనే మరో కవి కూడా స్నేహితుడై ప్రోత్సహించారు.

1898 వేసవి

ఇంగ్లండు చలి ఆమె ఒంటికి పడలేదు. ఆరోగ్యం మళ్ళీ దెబ్బతింది. మధ్యలో ఇటలీ వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నారు. ఫ్లారెన్స్ నగరం ఆమెకు ఎంతో నచ్చింది. చదువు మాత్రం పూర్తి కాలేదు. 1898 వేసవి ముగిసేసరికి ఆమె తిరుగు ప్రయాణమై, సెప్టెంబరులో హైదరాబాదు చేరుకున్నారు.

ఒక్కసారి ఆ పరిస్థితి ఆలోచించండి. రాజ్యాన్నేలే ప్రభువు డబ్బిచ్చి పంపారు. తండ్రి ఊళ్ళో అందరికీ తెలిసిన కాలేజీ పెద్ద, అక్కడే డాక్టరేట్ చేసి వచ్చినవాడు. పన్నెండేళ్ళకే ప్రెసిడెన్సీ మొత్తానికి మొదట వచ్చిన పిల్ల అని ఊరంతా చెప్పుకున్నారు. అలాంటి అమ్మాయి మూడేళ్ళ తర్వాత పట్టా లేకుండా, ఆరోగ్యం చెడి, ఇంటి ముందు దిగింది. మన ఊళ్ళో అయితే ఆ సాయంత్రమే నలుగురూ చేరి ఆ మూడేళ్ళు ఏం వెలగబెట్టావని అడుగుతారు.

ఆమె పెట్టెలో పట్టా లేదు. ఏ భాషలో రాయాలో, ఎవరి గురించి రాయాలో తెలిసిన తెలివి ఉంది. పెళ్ళి విషయంలో మూడేళ్ళ దూరం కూడా మార్చలేని నిర్ణయం ఉంది.

తిరిగి వచ్చాక

మూడు నెలలు తిరగకముందే, 1898 డిసెంబరులో, మద్రాసులో సరోజినికి గోవిందరాజులు నాయుడుతో పెళ్ళి జరిగింది. అప్పటికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం జరిగిన ఆ పెళ్ళిని మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు దగ్గరుండి జరిపించారు. కులాంతర వివాహం అనే మాట ఎత్తడానికే జనం భయపడే కాలమది. ఈనాటికీ కులాంతర పెళ్ళి చేసుకున్నందుకు మన ఊళ్ళలో ప్రాణాలు పోతున్నాయి కాబట్టి ఆ తెగువ ఎంతటిదో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

హైదరాబాదులో కాపురం పెట్టి, నలుగురు పిల్లల్ని పెంచుతూ ఆమె రాయడం మానలేదు. 1905లో లండన్‌లో మొదటి కవితా సంపుటి గోల్డెన్ త్రెషోల్డ్ వెలువడింది. బంగారు గడప అని దాని అర్థం. పల్లకీ మోసే బోయీలు, కోరమాండల్ తీరపు జాలరులు, మగ్గం నేసేవాళ్ళు, తిరగలి విసిరేవాళ్ళు, హైదరాబాదు మీద వాలే సాయంత్రం, ఇవీ అందులోని విషయాలు. స్కాలర్‌షిప్ ఇచ్చిన నిజాం మీద కూడా ఒక కవిత ఉంది. పుస్తకాన్ని ఆనాడు దారి చూపిన గాస్‌కు అంకితమిచ్చారు. ముందుమాట రాసింది సైమన్స్. ఆమె కవితల్లో ఒకటి రెండు మనం కూడా ఏదో ఒక తరగతిలో ఇంగ్లీషు పాఠంగా చదివే ఉంటాం. 1912లో, 1917లో మరో రెండు సంపుటాలు వచ్చాయి.

1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు ఆమె బాధితుల సేవలో పాల్గొన్నారు. ప్రజాసేవకు గాను బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన కైసర్-ఇ-హింద్ పతకాన్ని జలియన్‌వాలాబాగ్ ఘోరం తర్వాత వెనక్కి ఇచ్చేశారు. 1914లో లండన్‌లో గాంధీజీని కలిశారు. 1925లో కాన్పూరు కాంగ్రెసు సభలకు అధ్యక్షత వహించారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయ మహిళ ఆమే. 1930 మే నెలలో ధరాసన ఉప్పు కొఠార్ల మీద సత్యాగ్రహుల దండుకు నాయకత్వం వహించి జైలుకు వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తరప్రదేశ్‌కు, అప్పటి సంయుక్త రాష్ట్రానికి, గవర్నరయ్యారు. స్వతంత్ర భారతంలో మొదటి మహిళా గవర్నరు. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

అదే సముద్రం దాటిన మరొకరు

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. సరోజిని పట్టా లేకుండా వచ్చినా నిలబడటానికి తండ్రి ఇల్లుంది, రాజు దయ ఉంది, డాక్టరు భర్త ఉన్నారు. మన పిల్లలకు అవేవీ ఉండవు. మన చేతిలో ఉండేది ఆ సర్టిఫికెట్టే. కాబట్టి చదువు మధ్యలో ఆపినా ఫరవాలేదని నేను అనడం లేదు.

అందుకే బాబాసాహెబ్‌ను కూడా గుర్తుచేసుకుందాం. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ అమెరికా వెళ్ళారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, అంటే ఏడాదికి 138. సరోజినికి వచ్చిన దాంట్లో సగం కూడా లేదు, అదీ పద్దెనిమిదేళ్ళ తర్వాత. కొలంబియాలో చదివి 1916లో లండన్ చేరారు. గడువు తీరిపోయిందని బరోడా నుంచి పిలుపు వచ్చింది. 1917 వేసవిలో లండన్ చదువు సగంలో వదిలి ఓడ ఎక్కాల్సి వచ్చింది. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాలు యుద్ధంలో ఓడతోపాటు సముద్రం పాలయ్యాయి. ఆగస్టు 21న బొంబాయిలో దిగారు. బరోడాలో ఉద్యోగం ఇచ్చారు గాని ఉండటానికి గది ఇచ్చినవాళ్ళు లేరు.

ఆయన బయలుదేరే ముందు చేసిన పని ఒకటుంది. నాలుగేళ్ళలోపు వచ్చి మళ్ళీ చదువు కొనసాగించేలా లండన్ విశ్వవిద్యాలయం దగ్గర అనుమతి తీసుకున్నారు. బొంబాయిలో ప్రొఫెసరుగా పనిచేసి కూడబెట్టి, కొల్హాపూరు మహారాజు సాయం పొంది, స్నేహితుడి దగ్గర ఐదువేలు అప్పు చేసి 1920లో తిరిగి వెళ్ళారు. బారిస్టరు, డాక్టర్ ఆఫ్ సైన్స్ రెండూ పూర్తి చేశారు.

1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఈ ఇద్దరూ ప్రతినిధులుగా కూర్చున్నారు. మనవాళ్ళ ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో ఆమె గాంధీజీ పక్షం, ఆయన మన పక్షం. అభిప్రాయాలు వేరు. అయినా చదువు సగంలో వదిలి ఏ ఇంగ్లండు నుంచి ఇల్లు చేరారో ఆ ఇంగ్లండుకే ఇద్దరూ దేశం తరఫున మాట్లాడటానికి వెళ్ళారు.

మన మాట

ఇప్పుడు నేను ఇదంతా ఎందుకు రాశానో చెబుతాను. మా బ్యాచ్ మిత్రుడొకడు విదేశానికి ఎమ్మెస్ చదవడానికి వెళ్ళాడు. మేమందరం విమానాశ్రయానికి వెళ్ళి పంపించాం. ఏడాది తిరిగాక ఆరోగ్యం చెడి, ఆగస్టు చివర్లో తిరిగి వచ్చేశాడు. అప్పటి నుంచి ఊరికి వెళ్ళడు, వార్షికోత్సవానికి రాడు. హైటెక్ సిటీలో పక్కపక్క భవనాల్లోనే ఉద్యోగాలు, అయినా కనిపిస్తే పక్కకు తప్పుకుంటాడు. మనమెవ్వరం వాణ్ణి ఏమీ అనలేదు. అడగబోయే ప్రశ్నకే వాడు భయపడుతున్నాడు. ఇలాంటి మిత్రులు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. విదేశం దాకా ఎందుకు, డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయినవాళ్ళు, ఇంటర్ తప్పి మేస్త్రీ పనికి పోయినవాళ్ళు ఎంతమంది లేరు?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. మీరు తప్పకుండా దరఖాస్తు చేయండి, వెళ్ళండి, పూర్తి చేసి రండి. వెళ్ళేముందు షరతులన్నీ చదవండి. జబ్బు చేస్తే సెలవు ఎలా, మధ్యలో ఆపితే మళ్ళీ చేరడం ఎలా అని ముందే అడగండి. రావలసి వస్తే బాబాసాహెబ్ లాగా తిరిగి చేరే దారి ఉంచుకుని రండి. ఆ దారీ మూసుకుపోతే సరోజిని లాగా నేర్చుకున్నదాన్ని వెంట తెచ్చుకుని పని మొదలుపెట్టండి. సిగ్గుతో ఇంట్లో కూర్చోవద్దు.

ఆమె తిరిగొచ్చిన 1898కి సరిగ్గా నూరేళ్ళకు, 1998 నవంబరులో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట నడిచింది నాంపల్లి దగ్గరి ఆమె ఇంట్లోనే. ఆ ఇంటి పేరు కూడా గోల్డెన్ త్రెషోల్డే. కూతురు పద్మజా నాయుడు ఆ ఇంటిని విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. డిగ్రీ లేకుండా వచ్చిన అమ్మాయి ఇంటి గడప దాటి మొదలైన విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఏటా వేలమందికి చదువు చెబుతోంది. వాళ్ళలో మన హాస్టళ్ళ పిల్లలూ ఉన్నారు.

మా మిత్రుడికి ఈ ఏడు నేనే ఫోన్ చేశాను. వార్షికోత్సవానికి వస్తానన్నాడు. వస్తే ఎవరూ ఏమీ అడక్కండి. ముందు పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టండి.

— ఒక పూర్వ విద్యార్థి