భాష రాని గురువు

శిక్షకుడు విదేశీయుడు, తమ భాష నెఱుగడు అను కారణమున ఫుట్‌బాల్ సంఘములు వానిని వదలుకొనుట తగునా? తగదనుటకు జిమ్మీ హోగన్ జీవితమే ప్రమాణమని మా యభిప్రాయము.

1882లో ఇంగ్లండునందలి నెల్సనులో జన్మించిన ఈతడు, 1914లో యుద్ధ మారంభమైనపుడు వియన్నాలో శత్రుదేశీయుడని నిర్బంధింపబడెను. పిమ్మట బుడాపెస్టు చేరి ఎం.టి.కె. సంఘమువారికి ఆట నేర్పెను. తరువాత డ్రెస్డెనులో ఉపన్యసించునపుడు జర్మను మాటలు తడబడగా శ్రోతలు నవ్విరి. అంతట నాతడు ఆటదుస్తులతో వచ్చి, వట్టికాలితో బంతిని తన్ని చూపి వారి నోళ్లు మూయించెనట.

1953లో వెంబ్లీలో హంగేరీ జట్టు ఇంగ్లండును 6-3 గోల్స్‌తో ఓడించినపుడు, హంగేరీవారు తమ విద్యకు మూలపురుషు డీతడేయని కృతజ్ఞత తెల్పిరి. 1974లో హోగన్ గతించెను.

సంఘములవారు శిక్షకుని విద్యను పరీక్షింతురు గాక. మాటకు దుబాసీ దొరకును, విద్యకు దొరకడు.